కాస్త వెనక్కి జరగండి

వెంకటరావమ్మ గారు ఆ రోజు జట్కా దిగిన పద్ధతి చెప్పాలంటే, అసలు ఆవిడ దిగలేదని ముందు చెప్పాలి. సత్తెనపల్లి రైల్వేస్టేషను బయట జాన్ బాషా జట్కా ఎక్కి, కుచ్చిళ్ళు సర్దుకుని, పుట్టింటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడకు ఒక పక్క ఎండుమిరపకాయల సంచీ, ఇంకో పక్క పరీక్ష పేపర్ల కట్టతో నేను. జాన్ బాషా పగ్గాలు చేతిలోకి తీసుకుని, "కాస్త వెనక్కి జరగండమ్మా" అన్నాడు. ఆవిడ జరిగారు. "ఇంకాస్త. మాస్టారూ, మీరు కూడా" అన్నాడు. నేనూ జరిగాను. బండి తొందరేమీ లేకుండా, ఎంతో మర్యాదగా వెనక్కి వాలింది. గుర్రానికి అటూ ఇటూ ఉండే నొగలు పైకి లేచాయి. నొగలతో పాటు గుర్రం ముందు కాళ్ళూ లేచాయి. మొదట మిరపకాయల సంచీ దిగింది. దాని మీద వెంకటరావమ్మ గారు, ఆవిడ మీద ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు, వాటి మీద నేను దిగాము. పచ్చడి జాడీ మాత్రం ఆవిడ ఒళ్ళోనే ఉంది. మూత కూడా ఊడలేదు.

సంచీ పిగిలింది. మిరప ఘాటు లేచింది. రిక్షావాళ్ళు తుమ్మారు, టీ కొట్టు వాడు తుమ్మాడు, ప్లాట్‌ఫారం మీద పచ్చజెండా ఎత్తబోయిన గార్డు తుమ్మి మళ్ళీ ఎత్తాడు. గాల్లో వేలాడుతున్న గుర్రం కూడా తుమ్మింది. జాన్ బాషా నొగ పట్టుకుని ఊగి, తన బరువంతా వేసి బండిని కిందికి దించాడు.

"నన్నెవడు వెనక్కి జరగమన్నాడయ్యా!" అని వెంకటరావమ్మ గారు రోడ్డు మీద కూర్చునే కేక వేశారు. జరగమన్నవాడు జాన్ బాషాయే అన్న సంగతి కోపంలో గుర్తులేదు.

జాన్ బాషా ఆవిడ వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. వంగి గుర్రం ముందు కాళ్ళ వైపు చూస్తున్నాడు. గుర్రం కుడి కాలు నేలకు ఆనించి, వేడి పెనం తగిలినట్టు తీసి, మళ్ళీ ఆనించింది.

అసలు విచిత్రం బండి వాలడం కాదు, జాన్ బాషా నోట "వెనక్కి" అన్న మాట రావడం. జట్కా ఎక్కిన వాళ్ళకు తెలుసు. రెండు చక్రాల బండిలో మనుషుల్ని త్రాసులో సరుకులా అటూ ఇటూ సర్దాలి. మా ఊళ్ళో ఎంతోమంది జట్కావాళ్ళు ఉండేవారు గానీ జాన్ బాషాకు ఒక్కటే మాట ఉండేది. "ముందుకు జరగండి." నా పెళ్ళిలో నన్నూ మా ఆవిణ్ణీ ఎక్కించుకున్నప్పుడు కూడా అదే అన్నాడు. మేమిద్దరం సిగ్గుతో చెరో మూలకు నక్కితే, "ముందుకు జరగండి, ఇద్దరూ కలిసే జరగండి" అని స్టేషనంతా వినేలా అరిచాడు. అలాంటి మనిషి కొన్ని వారాలుగా ఎక్కిన ప్రతివాణ్ణీ వెనక్కి జరగమంటున్నాడని ఆ తర్వాత ఒకరికొకరం చెప్పుకుంటే తేలింది. ముందుకు జరిగితే నొగల బరువు గుర్రం ముందు కాళ్ళ మీద పడుతుంది. వెనక్కి జరిగితే తేలుతుంది. గుర్రం కుంటుతోందని ఎవరికీ చెప్పకుండా, మా బరువులతోనే దానికి వైద్యం చేస్తున్నాడన్న మాట.

ఇది ఎనభై అయిదులో, మిరప కోతల రోజుల్లో జరిగింది.

జాన్ బాషా పొడుగ్గా, నొగకు ఇంకో నొగ మొలిచినట్టు ఉండేవాడు. గళ్ళ లుంగీ, ఖాకీ చొక్కా, చెవి మీద సగం కాల్చిన బీడీ. చేతిలో కొరడా ఉండేది గానీ దాని తాడు ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన కర్రను తిరిగే చక్రం ఆకుల్లో, ఆ అడ్డకర్రల మధ్య పెట్టి టకటకలాడించేవాడు. ఆ చప్పుడుకే గుర్రం పరుగు అందుకునేది. బండిలో పచ్చగడ్డి పరిచి, దాని మీద గోనెపట్టా వేసి మమ్మల్ని కూర్చోబెట్టేవాడు. మధ్యాహ్నం అదే గడ్డి గుర్రానికి మేత. అంటే మా ఊరి పెద్దమనుషులందరం ఏదో ఒక రోజున గుర్రం భోజనం మీద కూర్చున్న వాళ్ళమే.

గుర్రం పేరు బేగం. ఎర్రమట్టి రంగు ఆడ గుర్రం, నుదుటి మీద సున్నం బొట్టులాంటి మచ్చ. జాన్ బాషా భార్య సర్దార్‌బీని ఎవరైనా మీ ఆయనకు ఎందరు భార్యలని ఆటపట్టిస్తే, "ఇద్దరం. ఒకరు బేగం, ఒకరు నేను" అనేది. ఆ వరసలో తను రెండోదాన్నని ఆవిడకు అనుమానమేమీ లేదు.

బేగం మేత గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. రోజూ సర్దార్‌బీ పెద్ద కుండలో ఉలవలు ఉడకేసేది. గుగ్గిళ్ళు బేగానికి, చిక్కటి ఉలవకట్టు మనుషులకు. ఆ కట్టులో ఒక చెంబు వారానికోసారి వెంకటరావమ్మ గారి ఇంటికి వెళ్ళేది. ఆవిడ దాంతో చారు కాచి, వెన్న వేసుకుని, మధ్యాహ్నం తలుపులు మూసుకుని తినేవారు. వండింది ఎవరని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే మానేయాలి. అందుకని, "మీ బేగం ఇంటి కట్టు" అనేవారు, గుర్రమే పొయ్యి ముందు కూర్చుని కాచినట్టు.

బండి తిరగబడిన మర్నాడు బేగాన్ని పశువుల ఆసుపత్రికి నడిపించుకెళ్ళాడు. దార్లో నేను కలిశాను. అక్కడి డాక్టరు త్యాగరాజు గారు మెత్తని మనిషి. రోజంతా గేదెలు చూసే ఆయనకు గుర్రం రావడం పండగలా ఉంది. కళ్ళజోడు తుడుచుకుని, డెక్క మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టారు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా కాలుతోంది.

"ఇది ఎట్టా నిలబడుతోందో చూడు జాన్ బాషా" అన్నారు డాక్టరు.

బేగం ముందు కాళ్ళు రెండూ చాచి, ఒంటి బరువంతా వెనక కాళ్ళ మీదికి తోసుకుని నిలబడి ఉంది.

"అదీ వెనక్కి జరుగుతోంది సార్" అన్నాడు జాన్ బాషా.

డెక్క లోపల ఎముకను పట్టి ఉంచే పొర ఒకటి ఉంటుందని, అది వాచిందని, వాపు ముదిరితే ఎముక జారి అరికాలి వైపు దిగుతుందని డాక్టరు విడమరిచి చెప్పారు. ఇక బండి కట్టకూడదు. గట్టి నేల మీద నిలబెట్టకూడదు. పూటపూటా చన్నీళ్ళు కొట్టాలి. తర్వాత, "మేత ఏం పెడుతున్నావ్?" అని అడిగారు.

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు జాన్ బాషా ఛాతీ విరిచాడు. "ఉలవలు సార్! కాలు పట్టేసిందని, బలానికి రెండింతలు చేశా. మేం తగ్గించుకుని దానికి పెడుతున్నాం."

డాక్టరు గారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"ఇవాళ్టి నుంచి గింజ పెట్టకు. ఎండుగడ్డి, అంతే."

"ఉలవలు... అసలే వద్దా?"

"గుప్పెడు కూడా వద్దు."

ఆసుపత్రి గేటు దాకా వచ్చి జాన్ బాషా ఒక్కడే వెనక్కి వెళ్ళాడు. "నేను పెట్టిందే దానికి చెడు చేసిందా సార్?" అని అడగడం నాకు వినపడింది. "వయసు కూడా అయింది కదయ్యా" అన్నారు త్యాగరాజు గారు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. అంత మంచి జవాబు నేను తరగతిలో ఎప్పుడూ ఇవ్వలేకపోయాను.

మెత్తటి నేల కావాలి. మా ఊళ్ళో మెత్తటిదంటే పత్తి. జాన్ బాషా జిన్నింగు మిల్లుకు వెళ్ళి, ఊడ్చి పారేసే పత్తి చెత్త గోతాలకెత్తి తెచ్చి గుర్రపుశాలలో మోకాలెత్తున పరిచాడు. ఊళ్ళో సగంమంది చాపల మీద పడుకుంటున్న రోజుల్లో బేగం పత్తి పరుపు మీద నిలబడింది. చూడటానికి జనం వచ్చేవారు. "నన్నిట్టా చూసుకునేవాడుంటే నేనూ కుంటుదును" అని ఒకావిడ అంటే, సర్దార్‌బీ బకెట్టు కిందపెట్టి, "నీళ్ళు కొట్టే పని కూడా నాదేనమ్మా, ముందు అది అడుగు" అంది.

ఉలవలు ఆగిపోయాయి. అసలు కష్టం అక్కడే వచ్చింది. మందులు మింగించడం, కాళ్ళు తడపడం చేతనయ్యే పనులు. మేత వేళకు బేగం గొంతులో చిన్నగా మూలిగి, తొట్టి అంచును మూతితో తట్టేది. జాన్ బాషా ఎండుగడ్డి వేసి మొహం తిప్పుకునేవాడు. పదేళ్ళకు పైగా దానికి ప్రేమ చెప్పడానికి అతనికి తెలిసిన భాష ఉలవగుగ్గిళ్ళు ఒక్కటే. ఆ భాషను డాక్టరు లాగేసుకున్నారు.

వెంకటరావమ్మ గారికి చెంబు రావడం మానేసింది. నడుం పట్టు ఇంకా వదలకపోయినా ఆవిడ బజార్లో అతన్ని ఆపారు.

"ఏం జాన్ బాషా, నన్ను రోడ్డున పడేసింది చాలక నోరు కూడా కట్టేశావా? నెల్లాళ్ళుగా చప్పిడి మెతుకులు తింటున్నా."

"బేగానికి పథ్యమమ్మా."

"దాని పథ్యం నాకెందుకయ్యా?"

"కుండ ఒకటే కదమ్మా."

ఇంకో మాట అనాలంటే ఆ కుండ ఎవరింట్లోదో ఒప్పుకోవాలి. ఆవిడ కొంగు దులుపుకుని ముందుకు నడిచారు.

ఎండాకాలం వచ్చేసరికి బేగం కాస్త తేరుకున్నట్టే కనిపించింది. డెక్క చల్లబడింది. శాల లోంచి వాకిట్లోకి నాలుగడుగులు వేసేది. వచ్చిన చిక్కల్లా గుంటూరు నుంచి వచ్చే పొద్దుటి పాసింజరుతో వచ్చింది. ఆ బండి ఊరి పొలిమేరలో కూత వేయగానే బేగం చెవులు నిక్కేవి. ఇన్నేళ్ళూ ఆ కూత వినగానే స్టేషనుకు పరుగెత్తిన గుర్రం అది. పత్తిలోంచి గింజుకుని బయటికి వచ్చి, నొగల మధ్యకు వెనక్కి నడిచి తనంతట తనే నిలబడేది, కట్టమన్నట్టు. గోడ వారగా ఉన్న ఖాళీ బండి ముందు ఒక గుర్రం, గుర్రం ముందు ఒక మనిషి. ఇద్దరూ స్టేషను వైపే చూస్తుండేవాళ్ళు. నేను బడికి వెళుతూ ఆ దృశ్యం చూసి పక్క సందులోంచి తిరిగి వెళ్ళిన రోజులున్నాయి. గట్టి నేల మీద అలా నిలబడ్డ ప్రతిసారీ డెక్క మళ్ళీ వేడెక్కేది.

తాడుతో కట్టేస్తే పెనుగులాడింది. అది ఇంకా చేటు. చివరికి జాన్ బాషా నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మాట సాయానికి రావాలి" అన్నాడు. ఎక్కడికో అడక్కుండా బయల్దేరడం నా తెలివితక్కువతనం. స్టేషను మాస్టరు లక్ష్మీనరసింహం గారి గదిలోకి వెళ్ళాక గానీ నాకు సంగతి తెలియలేదు.

"బండి కూత ఆపించాలి సార్" అన్నాడు జాన్ బాషా.

లక్ష్మీనరసింహం గారు నా వైపు చూశారు. నేను గోడ మీది రైళ్ళ వేళల పట్టిక చదవడం మొదలుపెట్టాను.

"పూర్తిగా వద్దు సార్. కాస్త నెమ్మదిగా వేయిస్తే చాలు."

"కూత నెమ్మదిగా ఎట్టా వేస్తారయ్యా?"

"పోనీ, ఊరు దాటాక వేయించండి."

"స్టేషను ఊళ్ళోనే ఉంది కదా జాన్ బాషా! ఊరు దాటాక ఎవరికోసం వేయాలి?"

"ఇప్పుడు మాత్రం ఎవరికోసం సార్? బండి వస్తుందని అందరికీ తెలుసు. తెలియనట్టు అదొక్కటే ఉలిక్కిపడతది."

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. పెన్ను మూత పెట్టి, "నేనేం చెయ్యలేనయ్యా. ఇంజను వాళ్ళకు చెప్పి చూస్తా. ఏమని చెప్పాలి?" అన్నారు.

"గుర్రం వింటోందని చెప్పండి సార్."

మర్నాటి నుంచి కూత పొట్టిదయిందని జాన్ బాషా ఒట్టేసి చెప్పేవాడు. నాకు తేడా తెలియలేదు. గాలి అటు తిరిగిందేమో, డ్రైవరుకు ఇంటి దగ్గర ముసలి ఎద్దు ఉందేమో. బేగానికైతే తేడా లేదు. పొట్టి కూతకూ అలాగే లేచేది.

ఈలోగా సర్దార్‌బీ తమ్ముడు రంజాన్ ఆటో కొన్నాడు. పసుపూ నలుపూ రంగు, ముందు అద్దానికి రిబ్బన్లు, దాన్ని తెచ్చి బావగారి జట్కా నిలిచే చోటే నిలిపాడు.

"బావా, దీనికి ఉలవలక్కర్లేదు. కాళ్ళ నొప్పులు రావు. మూడు చక్రాలు, ఎవర్నీ జరగమనక్కర్లేదు. పొద్దున నువ్వు తోలు, సాయంత్రం నేను తోలతా."

"రైలు కూస్తే చెవులు నిక్కిస్తదా?"

"ఆటో ఎందుకు నిక్కిస్తది బావా?"

"మరి నాకెందుకురా?" అన్నాడు జాన్ బాషా. కానీ ఇల్లు గడవాలి. మిర్చి కొట్లలో బస్తాలు మోసి మోసి భుజాలు కాయలు కాశాయి. వానలు పడే వేళకు అతను ఆటో హ్యాండిలు పట్టుకున్నాడు. మొదటి రోజే వెనక సీటు మీద ఎండుగడ్డి పరిచి గోనెపట్టా వేశాడు. రంజాన్ లాగి పారేశాడు. "నా ఆటోలో గడ్డేంది బావా, పరువు తీస్తావా!" "మెత్తగా ఉంటదని" అన్నాడు జాన్ బాషా. రెండు మూడు రోజులు ఇద్దరూ పంతంగా ఒకరు పరవడం, ఒకరు పీకడం జరిగాక, రంజాన్ గెలిచాడు. పీకిన గడ్డి మాత్రం రోజూ బేగం తొట్టికే వెళ్ళింది.

వానాకాలంలో బేగం మళ్ళీ కుదేలయింది. ఈసారి రెండు కాళ్ళూ. నిలబడటం తగ్గి పడుకోవడం ఎక్కువైంది. పత్తి మీద పడుకున్నా తుంట్ల దగ్గర ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. జాన్ బాషా దాన్ని ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పడానికి వీధిలో వాళ్ళను బతిమాలేవాడు. త్యాగరాజు గారు వచ్చి, అరికాలు నొక్కి చూసి, బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డారు.

"ఎముక జారింది జాన్ బాషా. ఇక పైకి రాదు. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. ఒప్పుకుంటే, ఒక్క ఇంజక్షను. నిద్రపోయినట్టు పోతుంది."

"మీరు రేపు రండి సార్."

"రేపు ఏమవుతుంది?"

"ఏమన్నా అవ్వొచ్చు."

సలహాలు ఇచ్చేవాళ్ళకు కొదవేముంది. ముసలి గుర్రాలను కృష్ణ ఒడ్డున వదిలేసి వచ్చిన పాత జట్కావాళ్ళు, "వదిలేసి తిరిగి చూడకుండా వచ్చెయ్యి" అన్నారు. "నేను చూడను, సరే. అది కాళ్ళీడ్చుకుంటా నా వెనకే వస్తది. అప్పుడేం చెయ్యను?" అన్నాడు. నరసరావుపేట నుంచి ఒకతను వచ్చాడు, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు పెట్టే మనిషి. బేగం నుదుటి మచ్చ చూసి ముచ్చటపడ్డాడు.

"గంటసేపు నిలబడితే చాలు. నొప్పి తెలియకుండా మందు పొడిపిస్తా. పైన జరీ గుడ్డ కప్పితే కాళ్ళెవడు చూస్తాడు?"

"పెళ్ళికొడుకు ఎంత బరువుంటాడు?" అని అడిగాడు జాన్ బాషా.

బేరం కుదిరిందనుకుని అతను హుషారయ్యాడు. "నీ గుర్రం కోసం బక్కోళ్ళనే చూసి పంపిస్తా!"

"బక్కోడైతే మీరే మోసుకుపోండి, గుర్రమెందుకు?"

మసీదులో పెద్దాయన్నీ అడిగాడు. ఆయన ఏదో సుదీర్ఘంగా చెబుతారనుకుంటే, "నీ గుర్రం నిన్ను ఏమడుగుతోందో నాకెట్టా తెలుసు బాషా? దాని దగ్గర కూర్చుని చూడు" అన్నారట.

కూర్చున్నాడు. రోజూ కూర్చునేవాడు. కార్తీకంలో ఒక పొద్దున పాసింజరు వచ్చింది. కూత వేసింది. ఆ రోజు గాలి ఇటే ఉంది, కూత పొడుగ్గా, ఊరంతా వినపడేలా మోగింది. బేగం చెవులు కదలలేదు. రెండోసారీ మోగింది. బేగం పత్తిలో మూతి పెట్టి అలాగే ఉంది. ఎన్నాళ్ళుగానో ఆ కూత వినపడకుండా చెయ్యమని వేడుకున్న మనిషి, ఇప్పుడు దాని చెవి దగ్గర నోరు పెట్టి, "బేగం, బండొచ్చింది. బండొచ్చిందే" అన్నాడు. చక్రం దగ్గరికి పరుగెత్తి కర్రతో ఆకుల మీద టకటకలాడించాడు. చెవులు కదలలేదు.

సర్దార్‌బీ బకెట్టుతో వచ్చి అది చూసింది.

"చాలు ఇక. దానికి స్టేషనుకు పోవాలని లేదు. నీకే ఉంది" అంది.

జాన్ బాషా కర్ర కింద పెట్టాడు. ఆటో తీసుకుని డాక్టరు గారింటికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో కొట్టు దగ్గర ఆపి ఉలవలు కొన్నాడు.

మర్నాడు పొద్దున్నే సర్దార్‌బీ అటక మీంచి పెద్ద కుండ దించి ఉలవలు ఉడకేసింది. ఇంటి నిండా ఆ వాసన. గుగ్గిళ్ళు తొట్టిలో పోసి బేగం మూతి ముందు పెట్టారు. కట్టు మిగిలింది. అది ఆ ఇంట్లో ఎవరి గొంతూ దిగేది కాదు. పారబొయ్యడానికి సర్దార్‌బీకి చెయ్యి రాక, అలవాటుగా చెంబు నింపి రంజాన్ చేతికిచ్చి పంపింది. ఏం చెప్పాలో తెలియక రంజాన్ ఏమీ చెప్పకుండా ఇచ్చి వచ్చాడు.

మా ఊళ్ళో ఉలవకట్టుకు ఒకటే అర్థం. కట్టు వచ్చిందంటే కుండ పొయ్యెక్కింది. కుండ ఎక్కిందంటే బేగం పథ్యం తీరింది. వెంకటరావమ్మ గారు చెంబు మూత తీసి వాసన చూసి, ఉన్న చీరతోనే బయల్దేరారు. చేతిలో పెద్ద బెల్లం ముక్క. ఎన్నడూ ఆ వీధి మొహం చూడని మనిషి, ఇల్లు అడిగి కనుక్కుని, వాకిట్లోంచే కేక వేశారు.

"జాన్ బాషా! నా తల్లి కాలు బాగయిందటగా! బండి కట్టు, ముందు స్టేషను దాకా తిప్పుకురా నన్ను! ఈసారి ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటా!"

శాల ముందు మేము కొద్దిమందిమి నిలబడి ఉన్నాం. త్యాగరాజు గారి సంచీ తెరిచి ఉంది. ఆయన చేతిలో సిరంజి ఉంది. అందరం ఆవిడ వైపు చూశాం. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, అది చూసే ఆవిడకు అర్థమయింది.

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోతారనుకున్నాను. ముందుకు వచ్చారు. సర్దార్‌బీ పక్కన పత్తిలో చతికిలబడి, నడుం నొప్పి మరిచిపోయి, బెల్లం విరిచి అరచేతిలో పెట్టి చాచారు. గుగ్గిళ్ళు సగం వదిలేసిన బేగం ఆ బెల్లాన్ని పెదాలతో తడిమి తడిమి తీసుకుంది. అరచెయ్యంతా నాకింది. "ఎంత బాగుంటుందమ్మా మీ కట్టు" అన్నారు వెంకటరావమ్మ గారు. గుర్రంతో కాదు, సర్దార్‌బీతో. ఆ మాట అనడానికి ఆవిడకు అన్నేళ్ళు పట్టింది.

డాక్టరు గారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. మాకు తెలియకుండానే దగ్గరికి మూగాం. జాన్ బాషా బేగం తల ఒళ్ళోకి తీసుకున్నాడు. తల ఎత్తకుండా, మామూలు గొంతుతో, "కాస్త వెనక్కి జరగండి" అన్నాడు.

అందరం జరిగాము.

మిల్లు వెనక నల్లరేగడి చేలో చోటిచ్చారు. వానలకు మెత్తబడిన నేల గునపానికి తేలిగ్గానే లొంగింది. శాలలో పత్తి అంతా సర్దార్‌బీ గోతాలకెత్తించి ఆ గుంటలో పరిపించింది.

ఆ తర్వాత స్టేషను బయట జట్కాలు ఒకటొకటిగా తగ్గిపోయాయి. పొద్దుటి పాసింజరు దిగినప్పుడు డెక్కల చప్పుడు లేని ఆ రోడ్డు, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆపేసిన మనిషిలా ఉండేది. జాన్ బాషా ఆటోను అదే పాత చోట నిలిపేవాడు. కొరడా కర్ర సీటు కింద ఉండేది. పొలిమేరలో కూత వినపడగానే ఆటోవాళ్ళందరూ స్టార్టరు లాగేవారు. అతను మాత్రం ఒక క్షణం ఆగి, పక్కకు, ఏమీ లేని చోటికి ఒకసారి చూసి, అప్పుడు లాగేవాడు.

సంక్రాంతి దాటాక ఒక రోజు వెంకటరావమ్మ గారూ నేనూ ఒకే బండి దిగి, అతని ఆటోలోనే ఎక్కాం. ఆవిడ ఒళ్ళో మళ్ళీ పచ్చడి జాడీ. వెనక సీటంతా ఆవిడే, అంచున నేను. ఆటో ఇంకా కదల్లేదు. జాన్ బాషా తల తిప్పి, "కాస్త వెనక్కి జరగండమ్మా" అన్నాడు.

ఆవిడ జాడీ గట్టిగా పట్టుకున్నారు. "వీపుకు రేకు తగులుతోంది, ఇంకా ఎక్కడికి జరగనయ్యా? ఆటోలో కూడా ఈ గోలేంది, ఇదేమన్నా నీ జట్కానా?"

"దీనికి ముందు కాలు ఒక్కటేనమ్మా" అన్నాడు జాన్ బాషా.